తల్లీబిడ్డల రికార్డు ఎవరి కోసం?



అర్ధరాత్రి ఏరియా ఆసుపత్రికి ఒక గర్భిణిని ఆటోలో తీసుకొచ్చారనుకోండి. నొప్పులు మొదలై మూడు గంటలైంది. దారిలో ఒకసారి ఫిట్స్ వచ్చాయి. డ్యూటీ డాక్టరు గబగబా అడిగే ప్రశ్నలు నాలుగే. బీపీ ఇంతకుముందు ఎంత ఉండేది? బ్లడ్ గ్రూపు ఏది? రక్తం ఎన్ని గ్రాములుంది? మొదటి కాన్పు ఎలా జరిగింది? వెంట వచ్చిన అత్తగారికి ఇవేవీ తెలియవు. పరీక్షల వివరాలున్న కార్డు ఇంట్లో బీరువాలో ఉండిపోయింది. ఊళ్లో నర్సమ్మ, అంటే ఏఎన్‌ఎం, ఆ వివరాలన్నీ ట్యాబ్‌లో ఎక్కించే ఉంటుంది. అవి జిల్లా కార్యాలయానికి వెళ్లాయి, రాష్ట్ర రాజధానికి వెళ్లాయి, ఢిల్లీకీ వెళ్లాయి. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న లేబర్ రూముకు మాత్రం రాలేదు.

ఇది ఊహించి చెప్పిన సందర్భమే. అయినా ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లెవరికీ ఇది వింతగా అనిపించదు. తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలను కంప్యూటర్లో భద్రపరిచే వ్యవస్థను తయారుచేసేవాళ్లు ముందుగా ఎవరిని మనసులో పెట్టుకోవాలి అన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఆ రికార్డు ముందు తల్లికి ఉపయోగపడాలి. ఆమెను చూసే ఏఎన్‌ఎంకి, డాక్టరుకి ఉపయోగపడాలి. అలా ఉపయోగపడితే పైవాళ్లకు కావలసిన లెక్కలు వాటంతటవే వస్తాయి. లెక్కల కోసమే కట్టిన వ్యవస్థలోంచి వైద్యం రాదు సరికదా, చివరికి సరైన లెక్కలు కూడా రావు.

తెలుగునాట ఈ ప్రయత్నాలు ఇవాళ మొదలైనవి కావు. ఓస్లో విశ్వవిద్యాలయంతో ముడిపడిన ఆరోగ్య సమాచార వ్యవస్థల బృందం భారతదేశంలో తన పని మొదలుపెట్టింది 2000 ప్రాంతంలో, చిత్తూరు జిల్లా కుప్పంలోనే. ఆ దశకం తొలి రోజుల్లోనే నల్గొండ జిల్లాలో ఏఎన్‌ఎంల చేతికి అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్లు ఇచ్చి చూశారు. తర్వాత 2009లో కేంద్ర ప్రభుత్వం ప్రతి గర్భిణినీ, ప్రతి బిడ్డనూ పేరుపేరునా నమోదుచేసే ఆన్‌లైన్ వ్యవస్థను ప్రారంభించింది. అదే మెరుగులు దిద్దుకొని ఆర్‌సీహెచ్ (పునరుత్పత్తి, శిశు ఆరోగ్య) పోర్టల్ అయింది. రిజిస్టరు బదులు ట్యాబ్‌లోనే రాసుకోవడానికి ‘అన్మోల్’ యాప్ 2016లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. అంగన్‌వాడీలకు 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చింది. అదే సంవత్సరం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటికీ విస్తరించి, 14 అంకెల ఆరోగ్య గుర్తింపు సంఖ్య జనంలోకి వచ్చింది. టీకాల కోసం యూ-విన్‌ను 2023లో ఎంపికచేసిన జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, తర్వాత అన్నిచోట్లకూ విస్తరించారు. యాప్‌లకు కొదవ లేదు. ఇన్ని ఉన్నా ఆ అర్ధరాత్రి లేబర్ రూములో జవాబు దొరకకపోతే లోపం ఎక్కడుందో చూసుకోవాలి.

కంప్యూటర్ల సంగతికి వచ్చేముందు కాగితం గురించి ఒక మాట. తల్లీబిడ్డల ఆరోగ్యాన్ని ఒకే పుస్తకంలో రాసి, దాన్ని తల్లి చేతికే ఇవ్వడం జపాన్‌లో బాగా పాతుకుపోయిన పద్ధతి. 1942లో గర్భిణులకు ఒక చిన్న పుస్తకం ఇచ్చేవారు. 1948లో దానికి బిడ్డ వివరాలూ చేర్చి తల్లీబిడ్డల పుస్తకంగా మార్చారు. నేటికీ అక్కడ గర్భం నమోదు చేయించుకోగానే ఆ పుస్తకం చేతికొస్తుంది. మన దగ్గర 2010లో వచ్చిన ఎంసీపీ (తల్లీబిడ్డల రక్షణ) కార్డు ఆ కోవలోదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం, నమోదైన గర్భాల్లో 95.9 శాతానికి ఈ కార్డు అందింది. తల్లి ఇంట్లో ఉండే ఇలాంటి రికార్డులను వాడుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2018లో సిఫారసు చేసింది.

కార్డులో బిడ్డ బరువు పటం ఉంటుంది, చూసే ఉంటారు. ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగుల పట్టీలు, వాటి మీద నెలనెలా ఒక చుక్క, చుక్కల్ని కలుపుతూ ఒక గీత. అక్షరం రాని తల్లి కూడా గీత ఆకుపచ్చలోంచి పసుపులోకి జారిందంటే బిడ్డ తగ్గుతోందని గుర్తుపడుతుంది. అదే బరువును ఫోన్‌లో ఎక్కించాక చాలాసార్లు తెర మీద మిగిలేది 6.8 అని ఒక అంకె. దాన్ని చూసి తల్లికి తెలిసేదేమీ లేదు. కాగితం చేయగలిగిన పనిని కూడా చేయలేని యాప్‌ను అభివృద్ధి అనలేం. కొత్త వ్యవస్థను తయారుచేసేవాళ్లు ముందు పాత కార్డును ఎదురుగా పెట్టుకొని, అందులో ఏయే సుగుణాలున్నాయో గమనించాలి. అప్పుడు కాగితానికి చేతకానివి ఏమిటో కూడా తేలుతుంది. తల్లి కంటే ముందు ఆసుపత్రికి చేరడం, గడువు దాటిన టీకాను గుర్తుచేయడం, మూడు చోట్ల చేసిన పరీక్షల్ని పక్కపక్కన పెట్టి చూపడం కాగితం వల్ల కాదు. కంప్యూటరు చేయాల్సిన పనులు అవే.

ఇక అసలు చిక్కుల్లోకి వద్దాం. మొదటి చిక్కు, ఈ తల్లి ఎవరు అన్నది. ఇదేం ప్రశ్న అనిపించవచ్చు. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులుంటాయి. ఒకచోట ఇంటిపేరు మొదటి గడిలో పడుతుంది, ఇంకోచోట రెండో గడిలో. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరు. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో కనీసం మూడు రకాలుగా రాస్తారు. కంప్యూటరు దృష్టిలో ఆ ముగ్గురూ వేర్వేరు మనుషులు. ఒకే తల్లి రెండు మూడు రికార్డులుగా చీలిపోతే, ఒకదానిలో బీపీ, మరొకదానిలో బ్లడ్ గ్రూపు ఉండి ఏదీ సమయానికి అక్కరకు రాదు.

దీనికి తోడు మన ఆచారం. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి తీసుకెళ్తారు. మూడో నెలనుంచి ఆమెను చూసిన ఏఎన్‌ఎం ఒక జిల్లాలో, పురుడు ఇంకో జిల్లాలో. బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చాక మళ్లీ అత్తింటికి ప్రయాణం. పుట్టినప్పుడు వేసిన టీకాలు, ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేయాల్సినవి అమ్మమ్మగారి ఊళ్లో పడతాయి. తొమ్మిదో నెలలో వేయాల్సిన తట్టు టీకా నాయనమ్మగారి ఊళ్లో పడుతుంది. పాలమూరు నుంచి పనికోసం ముంబై వెళ్లే కుటుంబాలు, ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు రాష్ట్రమే దాటుతాయి. ఊరి జనాభా లెక్క ప్రకారం కట్టిన వ్యవస్థ ఇలా వెళ్లిపోయిన తల్లిని ‘సేవలు అందుకోలేదు’ అని రాసుకుంటుంది. వచ్చి చేరిన తల్లిని ‘మన ఊరిది కాదు’ అని పక్కన పెడుతుంది. ఇద్దరూ ఒక్కరేనని దానికి తెలియదు.

అందుకే రికార్డు ఊరికి కాకుండా మనిషికి అంటిపెట్టుకొని ఉండాలి. పేరును తెలుగులో ఒకసారి రాస్తే చాలు, పోలికున్న పేర్లు, వయసు, భర్త పేరు చూసి ‘ఈమేనా?’ అని యాప్ అడగాలి. పుట్టింటి ఊరు ఏది, కాన్పు ఎక్కడ చేయించుకోవాలనుకుంటున్నారు అన్న రెండు ప్రశ్నలు మొదటి రోజే ఉండాలి. అప్పుడు ఏడో నెల పడగానే పుట్టింటి ఊరి ఏఎన్‌ఎం ట్యాబ్‌లో ఆ పేరు ముందుగానే కనిపిస్తుంది. మన ఆచారాన్ని వ్యవస్థలోకి తీసుకోవడమంటే ఇదే. దీనికి కోట్ల రూపాయల సాంకేతికత అక్కర్లేదు, మన ఇళ్లలో జరిగేది తెలిసి ఉంటే చాలు.

రెండో చిక్కు తేదీ. గర్భం లెక్కంతా చివరి నెలసరి మొదటి రోజు మీద ఆధారపడుతుంది. ఆ రోజుకు 280 రోజులు కలిపితే కాన్పు డేటు వస్తుంది. ఏఎన్‌ఎం, గర్భిణి మాట్లాడుకునే తీరు వినండి.

‘డేటు ఎప్పుడమ్మా?’

‘సంక్రాంతి వెళ్లాక వారానికండీ. అమావాస్యకు ముందో, ఆ రోజో.’

‘నెల చెప్పు తల్లీ, ఇక్కడ తేదీ వేయాలి.’

‘జనవరే అనుకుంటా మేడమ్.’

ట్యాబ్‌లో తేదీ గడి నిండితే తప్ప తర్వాతి పేజీ తెరుచుకోదు. ఏఎన్‌ఎం జనవరి 20 అని వేస్తుంది. ఒకటో తేదీ, పదో తేదీ, పదిహేను, ఇరవై లాంటి గుండ్రని అంకెలే రికార్డుల్లోకి ఎక్కువగా ఎక్కడానికి కారణం ఇదే. ఆ వేసిన తేదీ అంచనాయా, నిజంగా గుర్తుండి చెప్పిందా అన్నది ఎక్కడా మిగలదు. రెండు మూడు వారాల తేడా పడితే నెలలు నిండని బిడ్డను నిండిన బిడ్డగా లెక్కవేసే ప్రమాదం ఉంది. నిండినా నొప్పులు రాలేదని కంగారుపడి తొందరపడే ప్రమాదమూ ఉంది.

ఈ ఒక్క గడిని ఎలా తీర్చిదిద్దాలో చూడండి. తేదీ అడిగేచోట తెలుగు క్యాలెండరు తెరుచుకోవాలి. పండుగలు, పున్నమి, అమావాస్య కనబడాలి. సంక్రాంతి తర్వాతి అమావాస్య మీద వేలు పెడితే తేదీ దానంతటదే పడాలి. పక్కనే ‘గుర్తుంది’, ‘సుమారుగా’, ‘తెలియదు’ అని మూడు గుర్తులుండాలి. మూడో నెలలోపు తీసిన స్కానింగ్ డేటు వచ్చినప్పుడు దాన్ని ప్రధానంగా చూపి, మొదట చెప్పిన తేదీని చెరిపేయకుండా కింద ఉంచాలి. డాక్టర్లు వారాల్లో మాట్లాడతారు, ఇంట్లోవాళ్లు నెలల్లో మాట్లాడతారు. తెర మీద ‘28 వారాలు, ఏడో నెల నడుస్తోంది’ అని రెండూ ఉంటే ఇద్దరికీ అర్థమవుతుంది.

మూడో చిక్కు బిడ్డ పుట్టగానే వస్తుంది. మన బిడ్డలకు పుట్టిన రోజున పేరుండదు. పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో బారసాల చేసి పేరు పెడతారు. ఇంకొందరు ఇంకా ఆగుతారు. పుట్టిన 24 గంటల్లో హెపటైటిస్ బి టీకా వేయాలి. బీసీజీ, పోలియో చుక్కలు కూడా అప్పుడే. అంటే మొదటి మూడు టీకాలు పేరులేని మనిషికి పడతాయి. ‘బేబీ ఆఫ్ ఫలానా’ అని రాస్తారు. తర్వాత ఊరి ఏఎన్‌ఎం పెట్టిన పేరుతో కొత్త రికార్డు తెరిచిందంటే పాత మూడు టీకాలూ గాల్లో కలిసిపోతాయి. కవలలైతే ఏ టీకా ఎవరికి పడిందో తేల్చడం మరీ కష్టం. కాబట్టి బిడ్డ రికార్డు తల్లి రికార్డులోంచే పుట్టాలి. లేబర్ రూములో కాన్పు వివరాలు వేయగానే బిడ్డకు సొంత సంఖ్య రావాలి. పేరు, ఎప్పుడు పెట్టినా, ఆ సంఖ్యకే వచ్చి చేరాలి. తల్లికి థైరాయిడ్ ఉందా, షుగర్ ఉందా, ఆమె బ్లడ్ గ్రూపు నెగెటివా అన్నవి బిడ్డను చూసే డాక్టరుకు అడక్కుండానే కనబడాలి.

దీనిలోనే ఎవరూ మాట్లాడని భాగం ఒకటుంది. ప్రతి గర్భమూ బిడ్డతో ముగియదు. గర్భం పోవచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, పుట్టిన నాలుగు రోజులకు పోవచ్చు. యాప్‌కు ఈ సంగతి చెప్పే దారి సులువుగా లేకపోతే ఆరో వారంలో ఆ తల్లి ఫోన్‌కు ‘మీ బిడ్డకు టీకా వేయించండి’ అని సందేశం వస్తుంది. పదో వారంలో మళ్లీ వస్తుంది. ఆ సందేశం చదివిన తల్లి పరిస్థితి ఊహించండి. దక్షిణాఫ్రికాలో 2014లో మొదలైన మామ్‌కనెక్ట్ అనే జాతీయ కార్యక్రమంలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ మాట తెలియజేస్తే మామూలు సందేశాలు ఆగిపోయే ఏర్పాటు చేశారు. కావాలనుకుంటే ఓదార్పునిచ్చే వేరే సందేశాలు అందుతాయి. మన దగ్గర తయారుచేసే ప్రతి వ్యవస్థలోనూ ఇది మొదటి రోజునుంచే ఉండాలి. తర్వాత చేర్చుకుందాం అనుకునే విషయం కాదిది.

ఇప్పుడు రాసే చేతుల గురించి. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు, గిరిజన ప్రాంతంలో 3,000 జనాభాకు ఒక సబ్‌సెంటర్ ఉండాలన్నది ప్రమాణం. అక్కడి ఏఎన్‌ఎం పొద్దున టీకాలు వేస్తుంది, మధ్యాహ్నం ఇళ్లు తిరుగుతుంది. సాయంత్రం రిజిస్టరులో రాసుకున్నదాన్ని ట్యాబ్‌లో ఎక్కిస్తుంది. సర్వరు నెమ్మదిస్తే రాత్రి ఇంటికెళ్లి వంట అయ్యాక కూర్చుంటుంది. ఒకే బరువు అంగన్‌వాడీ టీచర్ ఒక యాప్‌లో, ఏఎన్‌ఎం మరో యాప్‌లో వేస్తారు. రెండు బరువులూ ఒకటి కాకపోతే ఏది నమ్మాలో చెప్పేవాళ్లుండరు. పాడేరు, రంపచోడవరం వైపు కొండల మీది గూడేల్లో సిగ్నల్ అందకపోవడం మామూలే. అక్కడ సిగ్నల్ ఉంటేనే తెరుచుకునే యాప్ ఇస్తే, అది చేతిలో ఉన్నా లేనట్టే. సిగ్నల్ లేనప్పుడు కూడా రాసుకోగలగాలి, పాత వివరాలు చూసుకోగలగాలి. సిగ్నల్ దొరికినప్పుడు వాటంతటవే వెళ్లిపోవాలి. ఇది అదనపు సౌకర్యం అనుకోకూడదు, ఇది లేనిదే పని సాగదు.

తప్పనిసరి గడుల వల్ల జరిగే నష్టం మరీ పెద్దది. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షకు ఆ రోజు సబ్‌సెంటర్‌లో స్ట్రిప్పులు అయిపోయాయనుకుందాం. యాప్ మాత్రం ఏదో ఒకటి వేయమంటుంది. ‘లేదు’ అని వేసి ముందుకెళ్తారు. పరీక్ష చేయలేదన్న మాట కాస్తా పరీక్షలో ఏమీ కనబడలేదు అన్న మాటగా మారిపోయింది. బీపీ ఎక్కువుండి, మూత్రంలో ప్రొటీన్ పడుతుంటే అది ఫిట్స్ తెప్పించి ప్రాణాలమీదికి తెచ్చే గుర్రపువాతానికి ముందస్తు సూచన. ‘లేదు’ అన్న ఆ ఒక్క ఎంట్రీ ఆ సూచనను కప్పేసింది. ‘చేయలేదు’ అన్న మూడో జవాబును గౌరవంగా ఇవ్వగలిగే వ్యవస్థే నిజం చెప్పే వ్యవస్థ. పైగా ఎక్కడెక్కడ ‘చేయలేదు’ అని వస్తోందో లెక్కపెడితే స్ట్రిప్పులు ఏ సబ్‌సెంటర్‌కు చేరడం లేదో అధికారులకు ఇట్టే తెలిసిపోతుంది. అలా కాకుండా ‘చేయలేదు’ అన్నందుకు మీటింగులో నిలబెట్టి తిడితే వచ్చే నెలనుంచి అందరి బీపీ 110/70 అవుతుంది.

రాసినవాళ్లకు తిరిగి ఏమిస్తుందన్నది వ్యవస్థకు అసలు పరీక్ష. ఒక ఉదాహరణ తీసుకుందాం. గర్భిణుల్లో హిమోగ్లోబిన్ 11 గ్రాముల లోపుంటే రక్తహీనత. 7 నుంచి 9.9 దాకా మధ్యస్థం, 7 లోపు తీవ్రం. దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉందని ఇందాక చెప్పిన సర్వేలోనే తేలింది. ఒక తల్లికి నాలుగో నెలలో 9.8, ఆరో నెలలో 8.9, ఎనిమిదో నెలలో 7.4 వచ్చిందనుకోండి. మూడుసార్లూ రికార్డులో ‘మధ్యస్థం’ అనే పడుతుంది. పై నివేదికలో ఆమె ఎప్పుడూ అదే వరసలో ఉంటుంది. నిజానికి ఐరన్ మాత్రలిచ్చినట్టు రాసి ఉన్నా రక్తం పడిపోతోంది. మాత్రలు మింగడం లేదేమో, కడుపులో పాములున్నాయేమో, ఇంకేదైనా జబ్బేమో. మూడు అంకెల్ని ఒక గీతగా చూపిస్తే ఏఎన్‌ఎంకి ఒక్క చూపులో అర్థమవుతుంది. బీపీ కూడా అంతే. 140/90 దాటితేనే ఎర్ర గుర్తు వేసే యాప్, 104/64 నుంచి 136/88కి ఎక్కిన తల్లిని చూసి కిమ్మనదు.

అలాగని ప్రతిదానికీ ఎర్రగంట కొట్టినా ప్రయోజనం లేదు. తెర మీద పదిమందిలో తొమ్మిదిమంది పేర్లు ఎర్రగా ఉంటే ఏఎన్‌ఎం చూపు ఎక్కడా ఆగదు. పొద్దున యాప్ తెరవగానే ‘ఈ రోజు తప్పక చూడాల్సినవాళ్లు వీళ్లు’ అని ఐదారు పేర్లు, ఒక్కో పేరు పక్కన ఎందుకో ఒక ముక్క కనబడితే చాలు. పనిని తగ్గించిన యాప్‌లో ఎవరూ చెప్పకపోయినా వివరాలు వేస్తారు. గర్భిణి పరీక్షల్లో ఏ అంకె వస్తే ఏం చేయాలన్న వైద్య నిర్ణయాలను సాఫ్ట్‌వేర్ వాళ్లు నేరుగా వాడుకునేలా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒక మార్గదర్శిని విడుదల చేసింది. ప్రతి జట్టూ మొదటినుంచి మొదలుపెట్టాల్సిన అవసరం లేదు.

డబ్బుకు, రికార్డుకు ఉన్న సంబంధం కూడా చెప్పుకోవాలి. తెలంగాణలో 2017లో కేసీఆర్ కిట్ పథకం వచ్చినప్పుడు ఆడపిల్ల పుడితే 13,000 రూపాయలు, మగపిల్లాడు పుడితే 12,000 రూపాయలు విడతలవారీగా తల్లి ఖాతాలో వేశారు. పరీక్షలు, కాన్పు, టీకాలు నమోదైతేనే విడత పడేది. అలాంటి పథకం తల్లుల చేత నమోదు చేయిస్తుంది, ఆసుపత్రికి రప్పిస్తుంది. మరో పక్క, బ్యాంకు ఖాతా నంబరులో ఒక అంకె తప్పు పడితే తల్లి వచ్చి అడిగేది ఏఎన్‌ఎంనే. విడత కోసం తేదీలు సర్దే ఒత్తిడి వచ్చేదీ ఏఎన్‌ఎం మీదే. వైద్యం వివరాలు వేసేచోట, డబ్బు వివరాలు సరిచూసేచోట రెండూ వేరుగా ఉంటేనే ఆరోగ్య రికార్డు నిక్కచ్చిగా మిగులుతుంది.

ప్రైవేటు ఆసుపత్రుల మాట తీయకుండా ఉండలేం. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆసుపత్రి కాన్పులు 96 శాతం పైమాటే. అందులో దాదాపు సగం ప్రైవేటులో జరుగుతున్నాయి. తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లని అదే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మొదటి సిజేరియన్ ఎందుకు చేశారో రెండో కాన్పు చూసే డాక్టరుకు తెలియడం ఎంతో ముఖ్యం. ఆ డిశ్చార్జి కాగితం ప్రైవేటు ఆసుపత్రి ఫైలులోనే ఉండిపోతే రెండోసారి కూడా కత్తే దిక్కవుతుంది. ప్రభుత్వ రికార్డు, ప్రైవేటు రికార్డు ఒకే ప్రమాణంలో మాట్లాడుకునేలా ఉండాలి. తల్లి సరే అంటే ఒకరి వివరాలు ఇంకొకరు చూడగలగాలి.

తల్లి సరే అంటే అన్నాను. ఇక్కడే గోప్యత వస్తుంది. రికార్డులో హెచ్‌ఐవీ పరీక్ష ఫలితం ఉంటుంది, ఇంతకుముందు చేయించుకున్న గర్భస్రావం ఉంటుంది, ఇంట్లో కొడుతున్నారని నర్సుకు చెప్పుకున్న మాట ఉండవచ్చు. మన ఇళ్లలో ఫోన్ తరచూ భర్తదో, మరిదిదో అయి ఉంటుంది. దేశంలో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు సుమారు 54 శాతమేనని అదే సర్వే లెక్క. ఓటీపీ వెళ్లేది ఎవరి ఫోన్‌కో ఆలోచించకుండా రికార్డు తెరిచే తాళం ఆ ఫోన్‌లో పెడితే, తల్లి రహస్యం ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలు బయటపెట్టకూడదని 2021 నాటి చట్ట సవరణ స్పష్టంగా చెబుతోంది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ వచ్చింది. చట్టం పుస్తకంలో ఉంటే సరిపోదు, యాప్‌లో ఉండాలి. ఆశా కార్యకర్తకు టీకా తేదీ కనబడాలి గానీ హెచ్‌ఐవీ ఫలితం కనబడనక్కర్లేదు. ఎవరు ఎప్పుడు రికార్డు తెరిచారో తల్లి అడిగితే చెప్పగలగాలి. ఫోన్‌కు వెళ్లే సందేశంలో ‘రేపు సబ్‌సెంటర్‌కు రండి’ అని ఉంటే చాలు, ఎందుకో అందులో ఉండకూడదు.

సందేశం అంటే చదవగలిగేవాళ్లకే అనుకోనక్కర్లేదు. ‘కిల్కారీ’ అన్న కార్యక్రమం 2016లో మొదలైంది. నాలుగో నెలనుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికొకటి చొప్పున 72 సందేశాలు గొంతుతోనే ఫోన్‌లో వినిపిస్తుంది. వినడానికి చదువు అక్కర్లేదు. రేడియో వినే మనకు ఆ సంగతి వేరే చెప్పాల్సిన పని లేదు.

జనం అలవాట్లకు దగ్గరగా ఆలోచిస్తే ఎంత తేలికైన దారులు దొరుకుతాయో రాజస్థాన్‌లోని ఉదయపూర్ ప్రాంతంలో చూడవచ్చు. అక్కడ ‘ఖుషీ బేబీ’ అనే సంస్థ బిడ్డ టీకాల రికార్డును ఒక చిన్న చిప్‌లో పెట్టి, ఆ చిప్‌ను లాకెట్‌గా చేసి నల్లతాడుకు కట్టింది. దిష్టి తగలకుండా బిడ్డ మెడలో నల్లతాడు వేయడం అక్కడి అలవాటు. అందుకని ఎవరూ తీసిపారేయరని, ఎక్కడికెళ్లినా బిడ్డతోపాటే రికార్డు వెళ్తుందని వాళ్ల ఆలోచన. ఆ లాకెట్‌నే మనం తెచ్చుకోవాలని నేను అనడం లేదు. మన కార్డు మీదే ఒక క్యూఆర్ గుర్తు ముద్రిస్తే సరిపోతుంది. కార్డు ఉంటే క్యూఆర్ చూసి రికార్డు తెరవొచ్చు. కార్డు పోతే రికార్డులోంచి కొత్త కార్డు తీయొచ్చు. కాగితం, కంప్యూటరు రెండూ ఒకదానికొకటి కాపలాగా ఉంటాయి. బ్యాంకులో డబ్బు కంప్యూటర్లోనే ఉన్నా పాస్‌బుక్కు మన చేతిలో ఉంటేనే మనకు ధీమా. తల్లికీ తన రికార్డు మీద ఆ ధీమా ఉండాలి.

ఇదంతా ఎందుకో ఈ లెక్కలు చెబుతాయి. 2018–20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97. ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43, కేరళలో 19. మనం చాలా దూరం వచ్చాం. ఇక మిగిలిన మరణాలను ఆపాలంటే అందరికీ ఒకే మందు చాలదు. ఫలానా తల్లికి ఫలానా వారంలో ఏం జరుగుతోందో తెలియాలి. ఆ పని చేయగలిగింది మంచి రికార్డే.

కాబట్టి ఈ వ్యవస్థల్ని తయారుచేసే ఇంజినీర్లకు, తయారుచేయించే అధికారులకు నా విన్నపం. తెర మీద ఒక కొత్త గడి చేర్చే ముందు, ఇందులో వేసింది ఎవరి వైద్యానికి పనికొస్తుందని అడగండి. జవాబు లేకపోతే ఆ గడి తీసేయండి. యాప్ సిద్ధమైందని ప్రకటించే ముందు ఒక ఏఎన్‌ఎం పక్కన టీకాల రోజున పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చోండి.

ఈ ప్రసంగం వింటున్న తల్లులకు, కాబోయే తల్లులకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు ఒక మాట. పరీక్ష చేసిన ప్రతిసారీ ‘ఎంత వచ్చింది, కార్డులో రాశారా, ఫోన్‌లో ఎక్కించారా’ అని అడగండి. అడగడం మీ హక్కు. పుట్టింటికి వెళ్లేటప్పుడు కార్డు బట్టల సంచీలో కాకుండా చేతి సంచీలో పెట్టుకోండి. బ్లడ్ గ్రూపు, చివరిసారి చూసిన బీపీ, కాన్పు డేటు మీతోపాటు ఇంట్లో ఇంకొకరికి కూడా నోటికి వచ్చేలా చెప్పి ఉంచండి. ఎంత గొప్ప కంప్యూటరు వచ్చినా, ఆ మూడు వివరాలూ మీ ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండడం మంచిది.